స్టోన్‌హౌస్‌పేటలో కుట్టించిన చిట్టా పుస్తకం: ఏడాది వాడకం తరువాత

పోయిన ఉగాదికి నాలుగు రోజుల ముందు నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోని ఒక చిన్న బైండింగు దుకాణంలో 340 రూపాయలకు కుట్టించుకున్న పుస్తకం గురించి రాస్తున్నాను. ఫుల్‌స్కేప్ కాగితం, 384 పుటలు, ఎర్ర కాలికో గుడ్డ వెన్ను, నల్ల అట్ట, లోపల నగదు పుస్తకానికి గీసే రూళ్లు. పప్పుల వ్యాపారి గల్లాపెట్టె పక్కన కనిపించే, ఏ రోజు పద్దులు ఆ రోజు రాసుకునే సాదా చిట్టా పుస్తకమే ఇది. కొత్తగా కనిపెట్టిందేమీ ఇందులో లేదు. అయినా మా ఇంట్లో రోజు అనేది ఒక చోట మొదలై ఒక చోట ముగియడం ఈ పుస్తకం వచ్చిన తరువాతే మళ్లీ మొదలైంది కనుక, దీని మంచిచెడ్డలు రెండూ వివరంగా చెప్పాలనిపించింది.

నేను ఒక జూనియర్ కళాశాలలో కామర్స్ చెబుతాను. చిట్టా అంటే ఏమిటి, పద్దులను ఖాతాలవారీగా విడదీసే ఆవర్జా అంటే ఏమిటి, ఆ ఖాతాల నిల్వలన్నీ కూడి సరిచూసే అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) ఎందుకు సరితూగాలి అని 19 ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నదాన్ని, సొంత ఇంటి పనులను మాత్రం గోడ క్యాలెండరు మీద కొన్ని, ఫ్రిజ్ తలుపు మీద కొన్ని, మందుల షాపు బిల్లుల వెనక కొన్ని, మిగిలినవన్నీ ఫోన్‌లో నాకే గుర్తుండని చోట్ల రాసుకునేదాన్ని. మావారు రొయ్యల మేత అమ్మే ఉద్యోగంలో ఉన్నారు. వారంలో నాలుగు రోజులు ముత్తుకూరు, కావలి, గూడూరు వైపు చెరువుగట్ల మీదే గడుస్తాయి. అత్తయ్యకు బీపీ, షుగరుతోపాటు థైరాయిడ్ కూడా ఉంది. అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. కోవూరు దగ్గర పుట్టింటివాళ్లు నాకిచ్చిన రెండున్నర ఎకరాలు కౌలుకు ఇచ్చి ఉన్నాం. ఇందులో ఏదీ లోకంలో ఎవరికీ లేని భారం కాదు. కాకపోతే ఇవన్నీ ఒకే తలలో కూర్చుని, పొయ్యి మీద పాలు పొంగే వేళకే ఒక్కసారిగా నోరు విప్పేవి.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒకే వారంలో మూడు బయటపడ్డాయి. థైరాయిడ్ మాత్రను పరగడుపున వేసుకోవాలి, దానికీ కాల్షియం మాత్రకూ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆ సంగతి డాక్టరు చీటీ మీద ఉంది, నాకు తెలుసు, అత్తయ్యకూ తెలుసు. అయినా దాదాపు రెండు నెలలపాటు పొద్దుటి కాఫీతో రెండు మాత్రలూ కలిపే ఇస్తూ వచ్చామని, పొగతోటలో రక్తపరీక్ష చేయించి ఆ కాగితం చూపించినప్పుడు డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే గాని మాకు తట్టలేదు. రెండోది, మావారి పేరు మీద ఏడాదికొకసారి కట్టే బీమా ప్రీమియం. గడువు తేదీ దాటినా ఇంకో 30 రోజులు వెసులుబాటు ఉంటుంది. నెలనెలా కట్టే పాలసీకైతే 15 రోజులే. ఆ 30 రోజులు కూడా ఎప్పుడో దాటిపోయాయి. మూడోది, మినీబైపాస్ మీద బండి ఆపి పొల్యూషన్ సర్టిఫికెట్ అడిగినప్పుడు నా చేతిలో ఉన్నది అయిదు నెలల కిందట కాలం చెల్లిన కాగితం. జరిమానా పెద్దది కాదు గాని, నా విద్యార్థి ఒకడు పక్కనే బండి ఆపుకుని ఆ వ్యవహారమంతా చూడడం మాత్రం నాకు చిన్నదిగా అనిపించలేదు.

అంతకు ముందు ప్రయత్నించనివి లేవు. ఫోన్‌లో గుర్తుచేసే యాప్‌లు మూడు మార్చాను. వాటితో చిక్కేమిటంటే, అలారం మోగినప్పుడు దాన్ని ఆపడానికి వేలు కదిపిన ఆ క్షణంలోనే పని కూడా తీరిపోయినట్టు మనసుకు తోస్తుంది. మోగినప్పుడు నేను క్లాసులో ఉంటాను, లేదా రెండు చేతులూ పిండిలో ఉంటాయి, ఆపేస్తాను, ఇక ఆ పని సంగతి నాకూ గుర్తుండదు, యాప్‌కూ పట్టదు. కొత్త సంవత్సరానికి ఎవరో ఇచ్చిన అట్టబౌండు డైరీ కూడా వాడి చూశాను. అందులో సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు వరకు గంటగంటకూ గీతలున్నాయి, ఆదివారానికి అర పేజీయే ఉంది. ఆ డైరీ వేసినవాడు ఏ ఇంట్లోనూ ఆదివారం గడిపి ఉండడు. గోడ క్యాలెండరు సంగతి చెప్పనక్కరలేదు: ఒక్కొక్క గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం కూర్చున్న తరువాత మిగిలే జాగా పాలవాడి లెక్కకు, గ్యాసు బండ వచ్చిన తేదీకే సరిపోతుంది.

చిట్టా ఆలోచన నాకు మా తాతయ్య వల్ల వచ్చింది. ఆయన ఆత్మకూరు వైపు ఒక ఊరికి కరణం. 1984లో ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసిన తరువాత ఊరి లెక్కలు చేజారినా, ఇంటి చిట్టా రాయడం మాత్రం మానలేదు. దీపం పెట్టిన వేళకు అరుగు మీద కూర్చుని ఆ రోజు పద్దులన్నీ ఎక్కించి, నిల్వ తేల్చి, దాని కింద రెండు అడ్డగీతలు గీసి, పుస్తకం మూసిన తరువాతే అన్నానికి లేచేవారు. ఆ రెండు గీతలు పడ్డాక ఇంట్లో ఎవరైనా వచ్చి ఫలానా పని మిగిలిపోయిందంటే ఆయన కోప్పడేవారు కాదు, కంగారుపడేవారూ కాదు. రేపటి పుటలో మొదటి పద్దుగా ఎక్కుతుందని తల ఊపేవారు. ఫిబ్రవరి ముచ్చట అయిన తరువాత ఒక రాత్రి నిద్ర పట్టక ఆ గీతలే గుర్తుకొచ్చాయి. నా రోజుకు అటువంటి గీత పడడం లేదన్నదే అసలు సంగతి అని అప్పుడు తోచింది. పనులు ఎక్కువై కాదు, ఏ రోజూ మూతపడక, నిన్నటిదీ మొన్నటిదీ తెరిచే ఉండి, వాటి మీద నేటిది వచ్చి పడుతోంది.

దుకాణం గురించి చెప్పాలి. ధాన్యం, పప్పుల టోకు దుకాణాలున్న వీధి నుంచి పక్క సందులోకి తిరిగితే పది అడుగుల వెడల్పు గది. గుమ్మంలోనే కాగితం కోసే మిషను, లోపల పైకప్పు దాకా అట్టలు, మైదా జిగురు వాసన. నడిపే పెద్దమనిషికి అరవై దాటి ఉంటాయి. ఒకప్పుడు మార్చి నెల వచ్చిందంటే వ్యాపారుల లెక్క పుస్తకాలకే రాత్రింబగళ్లు పని ఉండేదని, 2017లో జీఎస్టీ వచ్చాక అందరూ కంప్యూటర్లకు మారడంతో ఇప్పుడు రికార్డు పుస్తకాలు, ప్రాజెక్టు రిపోర్టులే ఎక్కువ కుడుతున్నానని ఆయన చెప్పారు. ట్రంకు రోడ్డులోని స్టేషనరీ దుకాణాల్లో ఇదే పరిమాణంలో తయారు పుస్తకాలు 280 రూపాయలకే దొరుకుతాయి. అయితే వాటిలో వెన్నుకు జిగురు మాత్రమే ఉంటుంది. పుస్తకం బల్ల మీద పరచి వదిలితే దానంతట అదే మూసుకుంటుంది. రోజూ ఒక చేత్తో గరిటె పట్టుకుని రెండో చేత్తో రాసే మనిషికి ఆ తేడా చిన్నది కాదు. ఈయన ఫారం ఫారానికీ, అంటే మడిచిన కాగితాల కట్ట కట్టకీ, దారంతో కుట్టి, ఆ కుట్టు మీద గుడ్డ అంటించి, ఆ పైన అట్ట వేస్తారు. మొదటి పుట తెరిచినా, నడిమి పుట తెరిచినా పుస్తకం చాపలా పడుకుంటుంది.

తెలుగు అక్షరాల వరసలో పుటల అంచున మెట్లు కోసి ఇస్తారా అని అడిగాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని నా వైపు చూసి, "ఇంగిలీషు అయితే ఇరవయ్యారుమా, కోయొచ్చు. మన అక్షరాలన్నీ కోస్తే ఇంక రాసుకునేదానికి పుస్తకం యాడుంటాది?" అన్నారు. న్యాయమే అనిపించి, మెట్ల కోరిక మానుకుని ముందు ఎనిమిది పుటలు విషయసూచికకు వదలమన్నాను. చెప్పిన రోజుకు ఒక రోజు ఆలస్యంగా ఇచ్చారు. రసీదు ఇవ్వలేదు, నేను అడగనూ లేదు.

ఇక వాడకం. మొదటి 190 పుటలు చిట్టా, మిగిలినవి ఆవర్జా. చిట్టాలో రోజుకు అర పుట, అంటే నా పుస్తకంలో 16 గీతలు. ఆదివారానికీ పండగకూ కూడా అంతే. రూళ్లు మామూలు నగదు పుస్తకానివే: తేదీ, పద్దు వివరం, సన్నటి గడిలో ఆవర్జా పుట సంఖ్య, చివర జమ, ఖర్చు. ఈ జమ, ఖర్చు గడులను నేను డబ్బుకు కాక పనికి వాడుతున్నాను. పని వచ్చి పడినప్పుడు జమలో ఒక గీటు, తీరినప్పుడు ఖర్చులో ఒక గీటు. రాత్రి అన్నాలయ్యాక రెండు వరసలూ కూడి, తేడా కట్టి, ఆ నిల్వనూ, మిగిలిన పనుల పేర్లనూ రేపటి అర పుటలో మొదట రాసి, తాతయ్య లాగే కింద రెండు గీతలు గీస్తాను. మొత్తానికి పది నిమిషాలకు మించి పట్టదు. మొదటి నెలలో మాత్రం అరగంట పట్టేది.

ఉదాహరణకు జూన్ 17 నాటి పుట ఇప్పుడు నా ముందుంది. నిన్నటి నుంచి తెచ్చిన నిల్వ 4, కొత్తవి 7, మొత్తం జమ 11, ఖర్చు 8, నిల్వ 3. తీరినవాటిలో కరెంటు బిల్లు, అబ్బాయి కళ్లజోడు, అత్తయ్యకు మూడు నెలల షుగరు పరీక్ష, ఇంకా ఇటువంటివే. మిగిలిన మూడింటిలో ఒకటి గ్యాసు పొయ్యి రబ్బరు పైపు. ఆ పైపును అయిదేళ్లకొకసారి మార్చాలి, తేదీ దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. మాది మార్చవలసిన కాలం దాటి ఏడాదైంది. వెనక్కి తిప్పి చూస్తే జూన్ 9 నుంచి ఆ పద్దు రోజూ నిల్వలోకి వస్తూనే ఉంది. ఫోన్‌లో అయితే ఒక్కసారి నొక్కితే పని రేపటికి జరిగిపోతుంది, ఎన్నిసార్లు జరిపామో లెక్క ఉండదు. ఇక్కడ తొమ్మిదిసార్లు నా చేత్తోనే "గ్యాసు పైపు" అని రాయవలసి వచ్చింది. అయిదోసారికి విసుగు పుట్టింది, ఏడోసారికి సిగ్గేసింది, పదోసారి రాయవలసిన పొద్దు, అంటే జూన్ 18న, కళాశాలకు వెళ్లే ముందే ఏజెన్సీ దారి పట్టాను. ఈ పుస్తకం చేసే మేలులో సగం ఆ విసుగులోనే ఉందని నా అభిప్రాయం.

ఆ తరువాత ఒక నియమం పెట్టుకున్నాను. మూడు రోజులు వరసగా నిల్వలోకి వచ్చిన పద్దుకు నాలుగో రోజు తీర్పు చెప్పాలి: ఫలానా రోజు ఫలానా వేళ అని రాసుకోవాలి, లేదా ఇంట్లో మరొకరికి అప్పగించి వాళ్ల పేరు రాయాలి, లేదా రాని బాకీ కింద కొట్టివేయాలి. కామర్స్ చదివినవాళ్లకు రాని బాకీ అంటే తెలుసు; వసూలు కాదని తేలిన బాకీని ఎంతకాలమూ ఆస్తిగా చూపకూడదు. వీణ మళ్లీ నేర్చుకోవడం, పాత ఫోటోలన్నీ ఆల్బంలో అతికించడం, మేడ మీద కూరగాయల కుండీలు, ఇవన్నీ నా పుస్తకంలో ఎర్ర సిరాతో కొట్టివేసిన రాని బాకీలు. కొట్టివేసిన రోజు కాస్త గుండె పిండినట్టయింది. కానీ ఏళ్ల తరబడి వాటిని చేస్తానని నాకు నేనే చెప్పుకుంటూ, చేయనందుకు నన్ను నేనే తిట్టుకుంటూ గడిపానని కూడా ఆ రోజే తెలిసింది.

ఆవర్జా భాగంలో ఒక్కొక్క వ్యవహారానికి ఒక్కొక్క ఖాతా: అత్తయ్య మందులు, బండి, ఇల్లు, పొలం, అబ్బాయి, బీమాలు. చిట్టాలో తీరిన పద్దుల్లో దాచుకోదగ్గవాటినే ఇక్కడికి ఎక్కించి, చిట్టా గడిలో ఆ పుట సంఖ్య రాస్తాను. పొలం ఖాతా ఒక్కటే ఈ పుస్తకం ధర తీర్చింది. మాకు కౌలు పుట్ల లెక్కన వస్తుంది. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. కోతల వేళ వచ్చేసరికి, నడుమ మందుల కోసమని, మోటారు మరమ్మతుకని కౌలుదారుకు మేము సర్దిన మొత్తాలు ఎంతో ఆయనకూ స్పష్టంగా తెలియదు, మాకూ తెలియదు. ఏటా మొహమాటంతో ఎవరో ఒకరు నష్టపోయేవాళ్లం. ఈసారి పుస్తకం తెరిచి చూపిస్తే అయిదు నిమిషాల్లో లెక్క తేలింది. తేలిన లెక్కలో ఆయనకే మేము 600 రూపాయలు ఇవ్వవలసి వచ్చిందన్నది వేరే సంగతి. ఇంటి ఖాతాలో ఆస్తిపన్ను తేదీ ముందే ఎక్కి ఉండడం వల్ల ఏడాది పన్నంతా ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కట్టి 5 శాతం తగ్గింపు తీసుకున్నాం. అంతకు ముందు ఆ తగ్గింపును ప్రతి సంవత్సరం మే నెలలో తలుచుకునేవాళ్లం.

జంటపద్దు పద్ధతిని 1494లో వెనిస్‌లో అచ్చు వేయించి వివరించిన ఇటలీ గణితజ్ఞుడు లూకా పాచోలి మూడు పుస్తకాల గురించి చెప్పాడు. అన్నింటినీ కలగాపులగంగా అప్పటికప్పుడు రాసిపడేసేది ఒకటి, దాన్ని వరసలో పెట్టేది చిట్టా, ఖాతాలవారీగా విడదీసేది ఆవర్జా. క్లాసులో ఆ మొదటి పుస్తకాన్ని రెండు మాటల్లో చెప్పి దాటిపోయేదాన్ని. ఇంట్లో మాత్రం దాని విలువే ముందు తెలిసింది. ఈ చిట్టా సంచిలో పట్టదు, కళాశాలకు మోసుకెళ్లడం కుదరదు. అందుకని అయిదు రూపాయల చిన్న నోటుపుస్తకం ఒకటి చేతిసంచిలో పెట్టుకుని, పగలంతా దొరికిన పనిని దొరికినట్టు అందులో పడేసి, రాత్రి పెద్ద పుస్తకంలోకి ఎక్కిస్తాను. ఈ మెట్టు లేకుండా చిట్టా ఒక్కటే కొనేవాళ్లు పది రోజుల్లో విసిగి మూలన పెడతారని నా అంచనా.

రాత్రి నిద్రలోకి వచ్చి లేపే పనుల సంగతి కూడా చెప్పాలి. మెస్‌లో వడ్డించే కుర్రవాణ్ని చూడండి: ఎనిమిది మంది కూర్చున్న బల్ల మీద ఎవరు చేపల పులుసు అదనంగా వేయించుకున్నారో, ఎవరు ఆమ్లెట్ చెప్పారో కాగితం లేకుండా గుర్తుంచుకుంటాడు, బిల్లు కట్టి బయటికి వచ్చాక వెనక్కి వెళ్లి అడిగితే తెల్లమొహం వేస్తాడు. బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతి మీదే: ముగియని పని మనసును వదలదు, ముగిసినది జారిపోతుంది. నా అనుభవంలో, పని నిజంగా ముగియకపోయినా, దానికి ఒక పుటా ఒక గీతా దొరికితే చాలు, మనసు దాన్ని బిల్లు కట్టినట్టే లెక్కవేసి వదిలేస్తోంది. రాత్రి రెండింటికి లేచి "రేపు ఏదో ఉంది, ఏమిటది" అని చీకట్లో తడుముకునే అలవాటు ఆషాఢం నాటికి పోయింది.

అసలు పరీక్ష మొహర్రం నెలలో రొట్టెల పండగకు వచ్చింది. మా ఇల్లు ఆ పండగ జరిగే దర్గామిట్టకు నడిచి వెళ్లేంత దూరం. స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకోవడానికి వచ్చే జనంలో కందుకూరు నుంచి మావారి పినతల్లి కుటుంబం, మార్కాపురం నుంచి నా స్నేహితురాలు, ఆమె వెంట మరో ఇద్దరు, మొత్తం తొమ్మిది మంది మా ఇంట్లో దిగారు. దారులు మళ్లించారు, పాలవాడు రాలేదు, మంచినీళ్ల క్యాన్లు అయిపోయాయి. అంతకు ముందు ఏళ్లలో ఆ పండగ వెళ్లాక ఇల్లు మళ్లీ కుదుటపడడానికి రెండు వారాలు పట్టేది. ఈసారి ఆ అయిదు రోజుల్లో మూడు రోజులు నేను చిట్టా రాయలేకపోయాను. అయినా నాలుగో రోజు రాత్రి కూర్చుని చిన్న నోటుపుస్తకం తిరగేసి ఎక్కిస్తే నిల్వ 14 తేలింది. పద్నాలుగు అన్న అంకె కళ్లకు కనిపించింది కనుక అది పద్నాలుగే అయింది. లెక్కపెట్టకపోతే నలభై అనిపించేది.

లోపాలకు వస్తాను. కాగితం లావు తక్కువ. జెల్ పెన్నుతో రాస్తే వెనక పుటలోకి నీలం మరక దిగుతుంది. బాల్ పెన్ను వాడక తప్పదు. పుట సంఖ్యలు చేతి మిషనుతో వేయడం వల్ల 212 రెండుసార్లు పడింది, 213 లేదు. పిల్లల చేత తప్పులు దిద్దించే నాకు ఆవర్జా సూచికలో "212 రెండోది" అని రాయవలసి రావడం కొంచెం మంటగానే ఉంది. అక్టోబరు వానల్లో ఒక ఫారం కుట్టు వదిలింది. తీసుకెళితే ఆయన డబ్బు అడగకుండానే అక్కడికక్కడ కుట్టి ఇచ్చారు గాని, కుట్టేటప్పుడు మార్జిన్ దగ్గర నేను రాసిన రెండు ఫోన్ నంబర్లు దారం కిందికి వెళ్లిపోయాయి. మా వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కనుక, ఆ మూడు నెలలూ పుస్తకాన్ని కిటికీకి దూరంగా పెట్టుకోవడం మంచిది.

పుస్తకం మోగదు. ఇది చిన్న లోపం కాదు. పొద్దున ఆరింటికి అత్తయ్య థైరాయిడ్ మాత్రకు, పది దాటాక కాల్షియానికి ఫోన్ అలారం ఇప్పటికీ ఉంది, ఉండాలి కూడా. వేళ తప్పకూడని పనికి గంట కావాలి. మిగతావాటికి గీత చాలు. పైగా పుస్తకం ఉన్న చోటే ఉంటుంది. మావారు కావలిలో ఉన్నప్పుడు బీమా నంబరు అడిగితే పుట ఫోటో తీసి పంపవలసిందే. అందుకని ప్రతి ఆదివారం ఆవర్జా పుటలన్నీ ఫోటోలు తీసి పెట్టుకుంటున్నాను. ఒకే ప్రతి ఉన్న పుస్తకానికి నీళ్లు తగిలితే ఏడాది పోయినట్టే.

ఇంకొక లోపం ముందుగా ఊహించనిది. వంటింటి బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకాన్ని ఎవరైనా చదువుతారు. మే నెలలో ఒక రోజు "అత్తయ్య రాత్రి మాత్ర మరిచిపోయారు" అని రాశాను. మర్నాడు ఆవిడ నాతో పొడిపొడిగా మాట్లాడారు. ఏమైందని అడిగితే, "నా పేరు లెక్కల్లోకి ఎక్కించావా అమ్మాయ్" అన్నారు. ఏం చెప్పాలో తెలియక పుస్తకం, పెన్ను ఆవిడ ముందే పెట్టి, మాత్రల సంగతి ఇకనుంచి మీరే రాయండి అత్తయ్యా అన్నాను. ఆ సాయంత్రం చూస్తే నా పద్దుల కింద వణుకుతున్న గుండ్రటి అక్షరాలతో "మాత్ర వేసుకున్నాను. పాలు తోడుపెట్టడం నువ్వు మరిచావు" అని ఉంది. అప్పటినుంచి ఆవిడ పద్దు లేని రోజు లేదు. రక్తపరీక్ష అంకెలు మెరుగుపడడానికి కారణం నా నియమాలకన్నా ఆ అక్షరాలేనని నేను నమ్ముతున్నాను. అబ్బాయి మాత్రం నెలల తరబడి దీన్ని "అమ్మ జీఎస్టీ" అని ఎగతాళి చేసి, ప్రీఫైనల్స్ ముందు మాత్రం చప్పుడు చేయకుండా తనకొక రెండు వందల పేజీల పుస్తకంలో ఇవే గడులు గీసుకున్నాడు. రాని బాకీలు ఎర్ర సిరాతో కొట్టే పద్ధతి కూడా తీసుకున్నాడు. అందులో ఒకటి ఆర్గానిక్ కెమిస్ట్రీ కావడం చూసి నేనే పిలిచి ఆ పద్దును మళ్లీ జమలో వేయించాను.

ఒంటరిగా ఉండి ఉద్యోగం ఒక్కటే చూసుకునేవాళ్లకు ఇంత పుస్తకం బరువే. వాళ్లకు ఫోన్ సరిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు, చదువుకునే పిల్లలు, కొంచెం పొలం, కొంచెం అప్పు, ఊరికి వచ్చిపోయే చుట్టాలు ఉన్నవాళ్లకు మాత్రం 340 రూపాయలకు ఇంతకంటే పనికొచ్చే వస్తువు నాకు తెలియదు. కుట్టించుకునేటప్పుడు మందం కాగితం అడగండి, 50 రూపాయలు ఎక్కువైనా సరే. పుట సంఖ్యలు దుకాణంలోనే ఒకసారి తిరగేసి చూసుకోండి.

ఈ ఉగాదికి రెండో పుస్తకానికి పోయిన వారమే చెప్పి వచ్చాను. పాత పుస్తకం చేతికి తీసుకుని వెన్ను వంచి చూసి, "బాగానే నలిపారుమా" అని ఆ పెద్దమనిషి సంతోషించారు. ఈసారి పై మార్జిన్ వేలెడు పెంచమన్నాను, అత్తయ్య అక్షరాలు కాస్త పెద్దవి కనుక. చిట్టా చివరి అర పుటలో నిల్వ 2. ఒకటి మావారి పళ్ల డాక్టరు; అది ఆయన పేరుకే అప్పగించి నవంబరు నుంచి మోస్తున్నాం. రెండోది, తాతయ్య పాత చిట్టాలున్న రేకుపెట్టె ఆత్మకూరు నుంచి తెప్పించడం. వచ్చే ఆదివారం, ఉదయం ఏడు గంటల బస్సు అని దాని ఎదురుగా రాసి ఉంది.